మౌంట్ రోడ్డు గెయిటీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో మూకీ చిత్రాల గురించి రాస్తూ, రఘుపతి వెంకయ్య నాయుడు గారు 1914లో మద్రాసులో కట్టించిన గెయిటీ థియేటరు పేరు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యం మీదే వచ్చాయి. అందుకని ఈ నెల శీర్షిక మొత్తాన్ని గెయిటీకీ, ఆనాటి సినిమా హాళ్ళకూ కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా బందరులో పుట్టిన వెంకయ్య నాయుడు గారు కట్టించిన గెయిటీయే దేశంలో మొట్టమొదటి సినిమా హాలని మా చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఇది నిజమేనా? ఫొటోలు తీసుకుని బతికే మనిషికి హాలు కట్టాలనే ఆలోచన ఎలా కలిగింది?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మచిలీపట్నం)

జవాబు: మాస్టారూ, దేశంలో మొదటిదనడం సరికాదు. కలకత్తాలో జె.ఎఫ్. మదన్ 1907లోనే ఎల్ఫిన్‌స్టన్ పిక్చర్ ప్యాలెస్ ప్రారంభించారు. మద్రాసులో కూడా గెయిటీ కంటే ముందు 1911లో క్లగ్ అనే దొరసాని బ్రాడ్‌వేలో కొద్దికాలం బయోస్కోపు నడిపారు. 1913లో వార్విక్ మేజర్ అనే దొర మౌంట్ రోడ్డులో ఎలక్ట్రిక్ థియేటర్ పెట్టారు. అయితే మద్రాసు నగరంలో ఒక భారతీయుడు తన సొంత సొమ్ముతో కట్టించిన మొదటి శాశ్వత సినిమా హాలు గెయిటీయే. గెయిటీ వెలిసిన 1914లోనే కోయంబత్తూరులో సామికన్ను విన్సెంట్ గారు వెరైటీ హాలు కట్టించారు కనుక, దక్షిణాది అంతటికీ మొదటిదని చెప్పేటప్పుడు ఆయన పేరు కూడా పక్కన చెప్పడం న్యాయం. ఇంత నిక్కచ్చిగా లెక్క తేల్చినా మీ ఊరి మనిషి ఘనత వీసమెత్తు కూడా తగ్గదని నా నమ్మకం.

ఇక రెండో ప్రశ్న. వెంకయ్య గారు 1869లో మచిలీపట్నంలో, సైన్యంలో ఉద్యోగాలు చేసిన కుటుంబంలో పుట్టారు. కుర్రతనంలోనే మద్రాసు చేరి, ఫొటోగ్రఫీ నేర్చి, సొంత స్టూడియో పెట్టుకున్నారు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే ఫ్రెంచి యంత్రం ఆయన కంటబడింది. గోమాంట్ కంపెనీ తయారుచేసిన ఆ యంత్రం చిన్న చిన్న బొమ్మలను తెర మీద ఆడిస్తూ, వాటికి సరిపోయే పాటనో మాటనో గ్రామఫోను పళ్ళెం మీద వినిపించేది. గ్రామఫోను చప్పుడు హాలంతటికీ చాలదు కనుక, ఒత్తిడితో గాలిని పంపి శబ్దాన్ని పెద్దది చేసే ఏర్పాటు అందులో ఉండేది. టాకీలు రావడానికి 20 ఏళ్ళ ముందే మన తెలుగువాడొకడు బొమ్మనూ, శబ్దాన్నీ కలిపి జనానికి చూపించాడన్నమాట. దాని ఖరీదు 30,000 రూపాయలు. అప్పట్లో ఆ సొమ్ముతో ఒక కుటుంబం తరతరాలు కూర్చుని తినవచ్చు. వెంకయ్య గారు మాత్రం స్టూడియోను తాకట్టు పెట్టి ఆ యంత్రాన్ని జాన్ డికిన్సన్ కంపెనీ దగ్గర కొన్నారు.

కొన్న యంత్రానికి ఇల్లు లేదు. సెంట్రల్ స్టేషను పక్కన ఉన్న విక్టోరియా పబ్లిక్ హాలులో కొన్నాళ్ళు, ఎస్ప్లనేడ్ మైదానంలో డేరా వేసి కొన్నాళ్ళు ఆడించారు. తరువాత ఆ డేరాతోనే ఊళ్ళు తిరిగారు, సముద్రం దాటి సింహళానికీ, బర్మాకూ వెళ్ళారు. డేరా సినిమా పద్ధతి తెలిసినవారికి ఆ కష్టం అర్థమవుతుంది. గాలివాన వస్తే ఆ పూట ఆట లేదు. పక్క ఊరికి వెళ్ళాలంటే యంత్రాన్ని విప్పి, బండి ఎక్కించి, దింపి, మళ్ళీ బిగించుకోవాలి. ఆ తిరుగుడు నుంచి తిరిగి వచ్చిన మనిషి నాలుగు గోడలు, ఒక కప్పు, కదలని ఒక తెర కావాలని కోరుకోవడంలో వింత ఏముంది? మౌంట్ రోడ్డును ఆనుకుని ఉన్న బ్లాకర్స్ రోడ్డులో గెయిటీ అలా వెలిసింది. చోటు ఎంపికలో కూడా ఆయన దూరదృష్టి కనిపిస్తుంది. 1895 నుంచే మద్రాసులో కరెంటు ట్రాములు నడుస్తున్నాయి. నలుమూలల నుంచీ జనం సులువుగా చేరుకోగలిగిన వీధి అది, ఇంగ్లీషు బొమ్మలకు డబ్బు పెట్టగలిగిన దొరలూ, ఉద్యోగులూ సాయంత్రం పూట తిరిగే వీధి కూడా అదే. ఆ తరువాత ఆయన మింట్ వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ హాళ్ళను కట్టించారు. గ్లోబ్ పేరు తరువాతి కాలంలో రాక్సీగా మారింది.

ప్రశ్న: మా విజయవాడ మారుతి టాకీసు సంగతేమిటి? ఆంధ్రదేశంలో మొదటిది అదే కదా?
(ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: అవును, అదే. పోతిన శ్రీనివాసరావు గారు 1921లో మారుతి సినిమా హాలును స్థాపించారు, కోస్తా జిల్లాల్లో శాశ్వత హాలుగా మొదటి పేరు దానికే దక్కింది. అదే 1921లో మద్రాసులో వెంకయ్య గారి కుమారుడు రఘుపతి సూర్యప్రకాశ్ తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ వచ్చింది. తెలుగువారు బొమ్మ తీయడమూ, తెలుగుగడ్డ మీద బొమ్మకు ఒక సొంత గూడు ఏర్పడడమూ ఒకే ఏడాది జరిగాయని గుర్తుంచుకుంటే చాలు, తేదీలు కంఠస్థం చేయనక్కరలేదు.

ప్రశ్న: వెంకయ్య నాయుడు గారిని తెలుగు సినిమా పితామహుడు అంటారు. కానీ ఆయన దర్శకుడు కాడు, నటుడు కాడు. హాలు కట్టించినంత మాత్రాన ఆ బిరుదు తగునా? అసలు మూకీల రోజుల్లో గెయిటీలో కూర్చున్నవారికి కథ ఎలా అర్థమయ్యేది?
(ఒక సినిమా విద్యార్థిని, చెన్నై)

జవాబు: అమ్మా, మీ సందేహం చాలామందికి ఉంది. నా జవాబు ఒక్కటే: మనకు హాలు ముందు పుట్టింది, సినిమా తరువాత పుట్టింది. గెయిటీ వంటి హాలు నడపాలంటే వారం వారం కొత్త బొమ్మ కావాలి. మొదట్లో ఆ బొమ్మలన్నీ ఇంగ్లండు నుంచో అమెరికా నుంచో రావలసిందే. ఈ వారం ఆగినచోట వచ్చే వారం మొదలయ్యే అమెరికా సీరియల్ చిత్రాలకు అప్పట్లో మంచి గిరాకీ ఉండేది. రోజూ టిక్కెట్ల గది దగ్గర నిలబడి జనాన్ని చూసే యజమానికి, ఈ తెర మీద మన పురాణం, మన మొహాలు కనిపిస్తే ఎలా ఉంటుందో ఊహించడం పెద్ద కష్టం కాదు. దాదాసాహెబ్ ఫాల్కే 1913లోనే ఆ పని చేసి చూపించి ఉన్నారు. వెంకయ్య గారు కొడుకును సినిమా పని నేర్చుకు రమ్మని ఇంగ్లండు పంపించారు. అతను తిరిగి వచ్చాక తండ్రీ కొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే కంపెనీ పెట్టి ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. అందులో భీష్ముడి వేషం సూర్యప్రకాశ్‌దే. తరువాత పేరున్న దర్శకుడైన సి. పుల్లయ్య గారి వంటివారు తొలి పాఠాలు నేర్చింది కూడా ఆ నీడలోనే. హాళ్ళ మీద వచ్చిన డబ్బు స్టూడియోలోకి వెళ్ళింది, స్టూడియోలో తయారైన బొమ్మ హాలుకు వచ్చింది. ఈ చక్రాన్ని మొదట తిప్పిన మనిషిని పితామహుడనడంలో అతిశయోక్తి నాకు కనిపించదు.

ఆ చక్రం ఆయనకు లాభం మిగల్చలేదనేది బాధాకరమైన నిజం. అప్పులు పెరిగి హాళ్ళు చేజారాయి. 1941లో కన్నుమూసేనాటికి ఆయన చేతిలో ఆ వైభవం ఏదీ మిగల్లేదు. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేరిట అవార్డు నెలకొల్పి, తొలి పురస్కారాన్ని ఎల్.వి. ప్రసాద్ గారికి ఇచ్చింది. ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రతి మాత్రం ఎక్కడా మిగల్లేదు. ఆ బొమ్మను ఒక్కసారి చూడాలన్న కోరిక నాకు ఏభై ఏళ్ళుగా ఉంది, తీరేది కాదని తెలిసినా అది చావడం లేదు.

మూకీలో కథ ఎలా తెలిసేదని అడిగారు. బొమ్మకూ బొమ్మకూ మధ్య మాటల పలకలు పడేవి. మన దేశపు చిత్రాల్లో అవి రెండు మూడు భాషల్లో రాసి ఉండేవి. చదువు రానివారి కోసం తెర పక్కన ఒక మనిషి నిలబడి, బిగ్గరగా కథ చెబుతూ, పాత్రల మాటలు తానే పలికేవాడు. ముందు వరసలో హార్మోనియం, తబలా ఉండేవి. హరికథ, తోలుబొమ్మలాట చూసి పెరిగిన మనవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచి ఉండదు. తోలుబొమ్మలాటలో కూడా తెర మీద బొమ్మ ఆడుతుంటే మాట వెనక నుంచే కదా వచ్చేది! మనవారు నేటికీ సినిమాను ‘బొమ్మ’ అనడం, ‘బొమ్మ వేశారా?’ అని అడగడం ఊరికే రాలేదని నాకనిపిస్తుంది.

మాట్లాడే బొమ్మ వచ్చాక ఆ వ్యాఖ్యాతలకూ, హార్మోనిస్టులకూ పని పోయింది. 1931 అక్టోబరు 31న మద్రాసు కినిమా సెంట్రల్‌లో విడుదలైన ‘కాళిదాస్’ తమిళ టాకీయే అయినా, అందులో తెలుగు మాటలూ, తెలుగు పాటలూ ఉన్నాయి. దాన్ని తీసిన హెచ్.ఎం. రెడ్డి గారే తీసిన ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న మొదట బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైంది. మన తొలి టాకీ మొదటి ఆట మన ఊళ్ళో పడలేదు.

ప్రశ్న: పాత హాళ్ళలో సినిమా ఆడుతుండగా తెర కుడివైపు పైమూలన ఒక చుక్క టక్కున మెరిసి మాయమయ్యేది. అది ఫిల్ము పాడవడం వల్లనా? వెలుతురు ఉన్నట్టుండి పసుపుగా మారి, మళ్ళీ తెల్లబడడానికి కారణమేమిటి?
(ఒక పాఠకుడు, హైదరాబాదు)

జవాబు: ఆ చుక్క పాడైన గుర్తు కాదు, ఆపరేటరుకు అందే సంకేతం. సినిమా ఒకే పొడుగాటి చుట్టగా వచ్చేది కాదు. 1,000 అడుగుల రీళ్ళుగా డబ్బాల్లో వచ్చేది. సెకనుకు 24 బొమ్మల లెక్కన ఒక రీలు 11 నిమిషాలు ఆడుతుంది. అందుకే 16 రీళ్ళ సినిమా అంటే ఇంచుమించు 3 గంటలని మా చిన్నప్పుడే మాకు తెలుసు. క్యాబిన్‌లో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. ఒకదానిలో ఫిల్ము అయిపోవస్తుండగా మొదటి చుక్క పడుతుంది, ఆపరేటరు రెండోదాని మోటారు వేస్తాడు. ఏడెనిమిది సెకన్లకు రెండో చుక్క పడుతుంది, ఆ క్షణంలో దీని కిటికీ మూసి దాని కిటికీ తెరుస్తాడు. చెయ్యి తిరిగిన ఆపరేటరు మార్చిన సంగతి హాలులో ఎవరికీ తెలియదు.

మా ఊరి హాలులో ఆపరేటరు గారిని నేను ‘బాబాయ్’ అని పిలిచేవాణ్ణి. బంధుత్వమేమీ లేదు, మా వీధిలోనే ఉండేవారు. నాలుగణాల నేల టిక్కెట్టు కొన్నవాడిని ఇంటర్వెల్లులో పైకి పిలిచి, తలుపు దగ్గర నిలబెట్టి చూపించేవారు. దీపపు పెట్టెలో రెండు కార్బన్ కడ్డీలు, పైన రాగి పూత, మొనలు ఎదురెదురుగా. వాటి మధ్య సన్నని ఖాళీలో కరెంటు దూకి పుట్టే మంటే తెర మీద పడే వెలుగు. నల్ల అద్దంలోంచి చూస్తే ఆ మొన వేపిన పేలపుగింజలా తెల్లగా వెలుగుతుంది. కాలేకొద్దీ కడ్డీలు అరిగి మధ్య ఖాళీ పెరుగుతుంది. బాబాయ్ ఒక చేత్తో మర తిప్పి వాటిని దగ్గరికి జరుపుతూనే ఉండాలి. క్షణం ఏమరితే తెర పసుపు రంగుకు తిరుగుతుంది, నేల క్లాసులో ఈలలు మొదలవుతాయి. మీరు చూసిన పసుపు అదే. ఆ గదిలో వేసవిలో ఆయన భుజం మీద తువ్వాలు పిండితే నీళ్ళు కారేవి. ఫిల్ము తెగితే అంచులు గీకి, ద్రవం రాసి అతికించేవారు. మగ్గిన అరటిపండు లాంటి ఆ వాసన ఈనాటికీ నా ముక్కుకు తెలుసు. జినాన్ దీపాలు వచ్చి కార్బన్ కడ్డీలను తప్పించాయి, తరువాత డిజిటల్ వచ్చి ఫిల్మునే తప్పించింది. బొమ్మ నాణ్యత మెరుగైంది, కాదనను. అయినా ప్రతి ఆటనూ ఒక మనిషి తన చేతులతో నడిపించేవాడన్న సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

ప్రశ్న: ఈ డిసెంబరులో పిల్లలతో చెన్నై వస్తున్నాను. గెయిటీని చూపించాలని ఉంది. వీలవుతుందా?
(ఒక పాఠకురాలు, అమెరికా)

జవాబు: వీలుకాదమ్మా, గెయిటీని కూల్చివేశారు. ఆ స్థలంలో ఇప్పుడు హాలు ఆనవాలు లేదు. మౌంట్ రోడ్డు, అంటే ఇప్పటి అన్నా శాలై, చాలా హాళ్ళను పోగొట్టుకుంది. 1964లో ఒకే ఆవరణలో మూడు తెరలతో మొదలై దేశమంతా చెప్పుకున్న సఫైర్, దానిలోనే రోజంతా ఆగకుండా ఆట నడిచి ఎప్పుడైనా లోపలికి వెళ్ళి కూర్చోగలిగిన బ్లూ డైమండ్, 1960ల తొలినాళ్ళలో వెలిసిన శాంతి, ఆనంద్ థియేటర్లు, ఇవేవీ ఇప్పుడు లేవు. అయినా పిల్లలను తీసుకువెళ్ళండి. అన్నా రోడ్డు తపాలా కార్యాలయం ఆవరణలో తపాలా బిళ్ళల విభాగం ఉన్న పాత కట్టడమే 1913 నాటి ఎలక్ట్రిక్ థియేటర్. గెయిటీ కంటే ఏడాది పెద్దది, ఇంకా నిలిచి ఉంది. దాని ముందు నిలబడి, ఇక్కడికి కాస్త దూరంలోనే బందరు నుంచి వచ్చిన ఒకాయన తన హాలు కట్టుకున్నాడని చెప్పండి. తరువాత బ్లాకర్స్ రోడ్డులోకి నడవండి. నేను కిందటిసారి వెళ్ళినప్పుడు ఆ వీధి చివరిదాకా వెళ్ళి, తెలిసీ తెలియని ఆశతో గోడలు వెతుక్కుని తిరిగి వచ్చాను.

ప్రశ్న: మా నాన్నగారు ఒక టాకీసులో గేటు కీపరుగా పనిచేశారు. ఆయన ట్రంకుపెట్టెలో పాత ఫిల్ము ముక్కలు ఒక పొట్లం నిండా దొరికాయి. కాలిన బల్బులో నీళ్ళు పోసి, అద్దంతో ఎండ పట్టి, గోడ మీద బొమ్మ చూపించేవారు. వీటిని ఎలా దాచుకోవాలి?
(ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: ఆ బల్బు సినిమా చీకటి గదిలో మేమూ ఆడుకున్నాం. పంచె తెర మీద తలకిందులుగా పడిన కథానాయకుణ్ణి చూసి కేరింతలు కొట్టాం. మీ పొట్లాన్ని మాత్రం జాగ్రత్తగా విప్పండి. ముందుగా ప్రతి ముక్క అంచునూ భూతద్దంతో చూడండి. అంచున ‘సేఫ్టీ’ అనే ఇంగ్లీషు మాట ముద్రించి ఉంటే అది సులువుగా మంట అంటుకోని రకం. 1950ల ఆరంభం దాకా వాడిన నైట్రేట్ ఫిల్ము అలా కాదు, అగ్గిపుల్ల సోకితే చాలు భగ్గుమంటుంది, ఒకసారి అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరదు. 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం హాళ్ళకు లైసెన్సు తప్పనిసరి చేసిందంటే, ఇటువంటి అగ్నిప్రమాదాల భయం దానికి ఒక పెద్ద కారణం. అంచున ఆ మాట కనిపించని పాత ముక్కలు ఉంటే ఇంట్లో ఉంచకండి. పుణెలో 1964 నుంచి ఉన్న నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ వారికి ముందుగా ఉత్తరం రాసి, వారు చెప్పినట్టు చేయండి. తపాలాలో మాత్రం పంపకండి.

సేఫ్టీ ముక్కల్లో వేటికైనా పులిసిన వాసన, సరిగ్గా వెనిగర్ వాసన వస్తుంటే, ఆ ఫిల్ము కుళ్ళడం మొదలైందని అర్థం. వాటిని మిగిలినవాటి నుంచి వెంటనే వేరు చేయండి, ఆ ఆవిరి మంచివాటిని కూడా చెడగొడుతుంది. ప్లాస్టిక్ సంచిలోనో, గట్టి మూత ఉన్న డబ్బాలోనో బిగించకండి. ఒక్కో ముక్కను విడివిడిగా కాగితపు కవరులో పెట్టి, తేమ లేని చల్లని అలమరాలో ఉంచండి. గోదావరి ఒడ్డున వానాకాలం తేమ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు, ఆ నాలుగు నెలలూ వారానికొకసారి తీసి చూసుకోండి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోండి, వేలిముద్ర పడితే అది పోదు. తెల్లని వెలుతురు బల్ల మీద పరచి ఫొటోలు తీయించి దాచండి, రంగు వెలిసిపోయినా ఆ ఫొటోలు మిగులుతాయి. కవరు మీద మీ నాన్నగారు ఏ హాలులో, ఏ సంవత్సరాల్లో పనిచేశారో పెన్సిలుతో రాయండి. ఫిల్ము ముక్కలో ఉన్నది ఏ సినిమానో తెలిసినవారు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతారు. అది ఎవరి ట్రంకుపెట్టెలోంచి వచ్చిందో చెప్పగలిగింది మీరొక్కరే.